గుంత తవ్వే ముందు అడుగుదాం

(2025 ఆగస్టులో, ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మెదక్ పట్టణంలో మాట్లాడిన మాటలు. చదువుకునేటందుకు వీలుగా కొంచెం సరిచేసి రాసిన.)

   

నా గురించి రెండే మాటలు. నేను గోండు బిడ్డను. పుట్టింది ఆసిఫాబాద్ దిక్కు ఒక చిన్న గూడెంల. డిగ్రీ చదివింది ఇక్కడ, మెదక్‌ల. మూడేండ్లు ఈ ఊరి నీళ్లు తాగిన. హాస్టల్ల నా దోస్తులంతా తండాల పిల్లలే. సెలవులకు మా ఊరు దూరమైతే వాళ్ల ఇండ్లకే పోయేదాన్ని. గోండులకు, లంబాడాలకు నడుమ రిజర్వేషన్ల లొల్లి ఉన్న సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని దాచిపెట్టి మాట్లాడను. కానీ ఈరోజు నేను చెప్పేది భూమి గురించి, ఆ భూమిల పెట్టే మొక్క గురించి. గుంత తవ్వే గడ్డపార నీది ఏ తెగ అని అడగదు. భూమి పోయేకాడ అందరిదీ ఒకే తీరుగ పోతది.

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, మన భూములకు పెద్ద పథకం వచ్చింది. 2025 మే 19న నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ముఖ్యమంత్రి ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టిండు. 12,600 కోట్ల రూపాయలు. 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులు. 6 లక్షల ఎకరాల పోడు పట్టా భూములు. బోరు వేస్తరు, సోలార్ మోటారు పెడతరు, డ్రిప్పు ఇస్తరు, తోట పెట్టిస్తరు. నూటికి నూరు శాతం సబ్సిడీ. లెక్క కడితే ఒక్కో రైతుకు 6 లక్షల రూపాయలు పడ్డట్టు. మామిడి, వెదురు, అవకాడో అని చాలా పేర్లు వినిపిస్తున్నయి.

మా తాత బతికున్నప్పుడు ఇట్లాంటి మాట వింటే నమ్మకపోయేటోడు. మన రాళ్ల భూమికి సర్కారు ఆరు లక్షలు పెడుతదా అని నవ్వేటోడు. పెట్టాలె. తప్పకుండ పెట్టాలె. అది ఎవరి దయా కాదు, మనకు రావాల్సిందే. చెట్టు వద్దని చెప్పే ఆదివాసీని నేను ఇప్పటిదాక చూడలే. ఇప్ప చెట్టు కింద పుట్టినోళ్లం, మోదుగ ఆకుల తిన్నోళ్లం. కాబట్టి నేను చెట్టు వద్దనేటందుకు రాలేదు. చెట్టు పెట్టే ముందు ఏం అడగాలె అన్నది చెప్పేటందుకు వచ్చిన. ఆ అడుగుడు తెల్వకనే మా ఇంట్ల రెండున్నర ఎకరాలు పోయింది. ముందు ఆ సంగతి చెప్తా.

మా తాత చేసుకునే భూమి నాలుగెకరాలు. పట్టా లేదు. అటవీ హక్కుల చట్టం వచ్చినంక దరఖాస్తు పెట్టిండు. జవాబు రాలేదు. నాకు తొమ్మిదో పదో ఏండ్లు ఉన్నప్పుడు ఒక వానాకాలం మా గూడానికి కొందరు సార్లు వచ్చిండ్రు. చెట్లు పెట్టే పని ఉన్నది, కూలి వస్తది అన్నరు. ఆ ఏడు మొదటి వానకు వేసిన విత్తనం ఎండిపోయి గూడెం మొత్తం చేతుల పైస లేకుండ ఉన్నది. కూలి అనంగనే అందరూ గడ్డపారలు పట్టుకుని పోయిండ్రు. మా బాపు పోయిండు, మా అవ్వ పోయింది, నేను నీళ్ల బుడ్డి పట్టుకుని ఎనక పోయిన. ఎక్కడ తవ్వాలె అంటే తాడు పట్టి గుర్తులు పెట్టిండ్రు. ఆ తాడు మా చేను మీదికెళ్లి పోయింది. మా బాపు అడిగిండు, సార్ ఇది మా చేను కదా అని. నీదే, నీ చేన్ల చెట్లు పెరిగితే నీకే మంచిది, కూలి కూడా నీకే అన్నరు. మా చేన్ల గుంతలు మేమే తవ్వినం. టేకు మొక్కలు మేమే పెట్టినం. కూలి పైసలు వచ్చినయి. ఆ పైసలతోనే నాకు బడికి కొత్త బట్టలు కొన్నరు. అబద్ధం ఎందుకు చెప్పాలె, ఆరోజు మేమందరం సంతోషంగనే ఉన్నం.

మరుసటి ఏడు మా బాపు నాగలి కట్టుకుని పోతే, ఇక్కడ దున్నొద్దు, ఇది ప్లాంటేషన్ అన్నరు. 

ఆ టేకు మొక్కల్ల సగం మొదటి ఎండాకాలమే చచ్చినయి. నీళ్లు పోసినోడు లేడు. మిగిలినయి పశువులు తిన్నయి. మూడో ఏటికి అక్కడ చెట్టు లేదు, చేను లేదు. 2021 చివర్ల మళ్లీ పోడు దరఖాస్తులు తీసుకున్నప్పుడు బాపు మళ్లీ పెట్టిండు. కొలవడానికి వచ్చినోళ్లు ఆ రెండున్నర ఎకరాలు రికార్డుల ప్లాంటేషన్ అని ఉన్నది, కొలవం అన్నరు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రం మొత్తం మీద లక్షా 51 వేల మందికి 4 లక్షల 6 వేల ఎకరాలు అని ప్రకటించిండ్రు. మాకూ పట్టా వచ్చింది. ఎకరంన్నరకు. తాత చూడలేదు, అప్పటికే పోయిండు.

మొక్క చచ్చింది, కాగితం మీద ప్లాంటేషన్ మాత్రం బతికే ఉన్నది. మా ఇంట్ల జరిగింది ఇది. ఎవరి పేరూ చెప్పను, ఏ ఆఫీసు పేరూ చెప్పను. ఆరోజు తాడు పట్టిన సారు కూడా కావాలని చేసిండని నేను అనను. ఆయనకు ఇన్ని హెక్టార్లల్ల ఇన్ని మొక్కలు పెట్టాలె అని పైనుంచి లెక్క వచ్చింది. ఆయన ఆ లెక్క నింపిండు. మాకు అడుగుడు తెల్వలేదు. కూలికి పోతున్నం అనుకున్నం, భూమి ఇస్తున్నం అనుకోలేదు.

మెదక్‌ల మీరందరూ చూసేదే, పెద్ద చర్చి. 1914ల కట్టుడు మొదలుపెట్టి 1924ల పూర్తి చేసిండ్రు. కరువు కాలంల జనానికి పని ఇచ్చి అన్నం పెట్టిండ్రని ఈ ఊరి పెద్దలు చెప్తరు. కూలి జేసినోళ్లకు బువ్వ దొరికింది, ఊరికి గుడి దొరికింది. అక్కడ అందరికీ ముందే తెలుసు, మనం కట్టేది గుడి, మనకొచ్చేది కూలి అని. మా గూడెంల అట్ల కాదు. మా చేన్ల మేం చేసే పని మా తోట కోసమా, ఇంకొకరి ప్లాంటేషన్ కోసమా అన్నది మాకు చెప్పలేదు. కూలి వచ్చినంత మాత్రాన ఆ చెట్టు మనది కాదు. ఈ తేడా తెల్వాలె.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మన భూముల్లో చెట్లు పెట్టే పైసలు రెండు తొవ్వల వస్తయి. బయటికి రెండూ ఒక్క తీరుగనే కనిపిస్తయి. అదే గుంత, అదే మొక్క, అదే ఫోటో. కానీ లోపల చాలా తేడా.

ఒక తొవ్వ, రైతు పేరు మీద వచ్చే పైసలు. ఉపాధి హామీ చట్టంల ఎస్సీ, ఎస్టీ, చిన్న సన్నకారు రైతుల సొంత భూముల్ల పండ్ల తోటలు పెట్టుకోవచ్చని రాసిండ్రు. అటవీ హక్కుల పట్టా ఉన్నోళ్లకు కూడా వర్తిస్తదని పేరుపెట్టి రాసిండ్రు. ఇప్పుడొచ్చిన గిరి జల వికాసం కూడా ఈ తొవ్వలదే. దీంట్ల తోట నీది, పండు నీది.

రెండో తొవ్వ, అడవికి బదులు అడవి పెంచే పైసలు. దీన్నే కంపా అంటరు. ఎక్కడన్నా గని కోసమో, ప్రాజెక్టు కోసమో, రోడ్డు కోసమో అడవి పోతే, ఆ పని చేసేటోళ్లు పైసలు కట్టాలె. ఆ పైసలతో ఇంకో జాగల అడవి పెంచాలె. దీని కోసం 2016ల చట్టం చేసిండ్రు. 2019 ఆగస్టు 29న కేంద్రం 27 రాష్ట్రాలకు 47,436 కోట్లు పంచింది. తెలంగాణ వాటా 3,110 కోట్లు. పైసలు మస్తు ఉన్నయి. మరి ఆ ఇంకో జాగ ఎక్కడ? ఖాళీ భూమి ఎక్కడిది? అప్పుడు అడవి లోపల చెట్లు పలుచగ ఉన్న జాగలు చూస్తరు. దానికి క్షీణించిన అడవి అని పేరు పెడతరు. ఆ పలుచటి జాగనే మన పోడు. ఆ పలుచటి జాగనే మన మేకలు మేసే బీడు. ఎక్కడనో ఎవరో అడవి కొట్టినందుకు మన చేను అడవి కావాలె. అడవి పోయిన ఊరు ఒకటి, భూమి పోయే ఊరు ఇంకొకటి.

2016 చట్టం చేసేటప్పుడు గ్రామసభ సమ్మతి ఉండాలె అని చాలా మంది అడిగిండ్రు. చట్టంల ఆ మాట రాలేదు. 2018ల వచ్చిన నియమాలల్ల గ్రామసభతోని, లేకపోతే గ్రామ స్థాయి అటవీ కమిటీతోని సంప్రదించాలె అని రాసిండ్రు. సమ్మతి అంటే మనం వద్దంటే ఆగాలె. సంప్రదింపు అంటే మనం వద్దన్నా, చెప్పినం కదా అని చేసుకోవచ్చు. ఆ చిన్న తేడా మీదనే మన బతుకు ఆధారపడ్డది.

ఈ మొక్కల కాడ తెలంగాణల నెత్తురు కూడా కారింది. 2019 జూన్ 30న మా జిల్లా కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటడానికి పోయిన మహిళా రేంజ్ ఆఫీసర్ మీద గుంపు దాడి చేసింది. ఆమె ట్రాక్టర్ మీద నిలబడి దెబ్బలు తిన్నది దేశమంతా టీవీల చూసింది. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ప్లాంటేషన్ కాడ జరిగిన గొడవల ఒక రేంజ్ ఆఫీసర్ ప్రాణమే పోయింది. ఆ తర్వాత అక్కడి పంచాయతీల గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపాలె అని తీర్మానం చేసిండ్రు. చంపినోళ్లు ఇద్దరు, వెళ్లగొట్టాలన్నది తెగ మొత్తాన్ని. నేను స్పష్టంగ చెప్తున్న, ఉద్యోగానికి పోయిన మనిషిని కొట్టుడు తప్పు, చంపుడు పాపం. ఆయనకూ ఇల్లు ఉన్నది, పిల్లలు ఉన్నరు. కానీ కొట్లాట మొక్కతోని మొదలు కాలేదు. భూమి ఎవరిదో తేల్చకుండ మొక్క పెట్టినకాడ మొదలైంది. హక్కు ముందు తేల్చి, మొక్క తర్వాత పెడితే ఆ రెండు ఊర్ల పేర్లు మనం ఇట్ల తలుచుకునే అవసరం రాకపోవు.

హక్కు ముందు తేల్చాలె అన్నది నా మాట కాదు, చట్టం మాట. అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్ల ఉన్నది. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాక సాగుల ఉన్నోళ్లను కదిలించొద్దని. 2005 డిసెంబర్ 13 నాటికి సాగుల ఉన్న గిరిజన కుటుంబానికి హక్కు ఉన్నది, పది ఎకరాలకు లోపు, అంటే నాలుగు హెక్టార్ల దాక. పట్టా భార్యాభర్తలు ఇద్దరి పేరు మీద రావాలె. ఆ భూమి అమ్మరాదు, కానీ పిల్లలకు వస్తది.

మెదక్ వాళ్లు ఒక మాట గట్టిగ పట్టుకోవాలె. నేను ఇక్కడ చదువుకునేటప్పుడు చాలా మంది చెప్పేటోళ్లు, మాది ఏజెన్సీ కాదు, మాకు ఆ చట్టాలు రావు అని. సగం నిజం. మెదక్ ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. పెసా ఇక్కడ వర్తించదు. భూబదలాయింపు చట్టం, మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటం, అదీ వర్తించదు. కానీ అటవీ హక్కుల చట్టం అట్ల కాదు. అడవి ఉన్న ప్రతి జాగల వర్తిస్తది. నర్సాపూర్ అడవి అంచుకు ఉన్న తండాకైనా, పోచారం అభయారణ్యం పక్కకు ఉన్న ఊరికైనా వర్తిస్తది. ఏజెన్సీ కాదు కాబట్టి మీకు హక్కు లేదు అని ఎవరన్నా అంటే, అది తప్పు అని నిలబడి చెప్పండి.

గిరి జల వికాసంల చిక్కు కూడా ఇక్కడనే. అది పట్టా ఉన్నోళ్లకే. దరఖాస్తు పెట్టి ఎదురుచూసేటోళ్లకు, కొలతల్ల సగం పోయినోళ్లకు, తిరస్కరించినట్టు కాగితం కూడా చేతికి రానోళ్లకు ఆరు లక్షల్ల ఆరు పైసలు కూడా రావు. మా బాపుకు ఎకరంన్నరకే వస్తది. పోయిన రెండున్నర ఎకరాలకు రాదు. కాబట్టి మీ తండాల ఎవరన్నా ఇంకా పట్టా లేకుండ ఉంటే, తోట దరఖాస్తు కంటె ముందు వాళ్ల హక్కు దరఖాస్తు ఏమైందో కనుక్కోండి. తిరస్కరిస్తే కారణం చెప్పాలె. పైకి అప్పీలు చేసేటందుకు 60 రోజుల గడువు ఉంటది. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే అని నియమాలల్ల ఉన్నది. 

ఇగ పట్టా ఉన్నోళ్ల సంగతి. పట్టా ఉన్నది, పథకం వచ్చింది, ఇంకేం కష్టం అనుకోవద్దు. రెండో ప్రశ్న మిగిలి ఉంటది. నీళ్లు ఎవరు పోయాలె?

నేను ఒక లెక్క చేసిన. మామిడి మొక్కలు పది మీటర్ల దూరంతోని పెడితే ఎకరానికి నలబై పడతయి. రెండున్నర ఎకరాలకు నూరు. ఎండాకాలం ఒక్కో మొక్కకు వారానికి రెండు బిందెలు అనుకుందాం. నూరు మొక్కలకు వారానికి 200 బిందెలు. ఫిబ్రవరి నుంచి మే దాక 17 వారాలు. మొత్తం 3,400 బిందెలు. ఒక ఆడమనిషి రోజుకు 40 బిందెలు మోస్తే 85 రోజులు పడతది. 2025ల మన రాష్ట్రంల ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు ఉండె. ఆ లెక్కన ఒక్క ఎండాకాలానికి ఆమె కష్టం 26,095 రూపాయలు. మొక్క నిలదొక్కుకునేటందుకు మూడు ఎండాకాలాలు కావాలె. ఇప్పుడు మీకు చూపించే అంచనా కాగితంల గుంతకు ఎంత, మొక్కకు ఎంత, ఎరువుకు ఎంత అన్నది ఉంటది. ఆ బిందెకు ఎంత అన్నది ఎక్కడ ఉన్నదో వేలు పెట్టి చూపించమని అడగండి.

బోరు ఉంటది కదా అంటరు. ఉండాలె. కానీ మెదక్ పెద్దలకు నేను చెప్పాల్నా? మంజీర మీద ఘనపురం ఆనకట్ట కింద వరి పండే భూములు వేరు, తండాల ఎర్ర చెల్కలు, రాళ్ల దుబ్బలు వేరు. ఇక్కడ కింద ఉన్నది గుండు రాయి. ఒక బోరు పడితే పక్క బోరు ఎండుతది. మార్చి దాక పోసిన బోరు ఏప్రిల్‌ల గాలి కొడుతది. సూర్యుడు ఎంత వెలిగినా కింద నీళ్లు లేకపోతే సోలార్ మోటారు ఏం గుంజుతది? అందుకే బోరు కంటె ముందు కందకాలు, కట్టలు, ఊట కుంటలు కావాలె. వాన నీళ్లు ఆగాలె. ఆ పనులు కూడా ఉపాధిల ఉన్నయి. ఒక ఏడు ముందు నీళ్లు ఆపే పని చేసి, మరుసటి ఏడు మొక్క పెడితే కొంపలేం మునగవు. తొందర మొక్కకు లేదు, లెక్కలకు ఉన్నది.

హరితహారం మనం చూసినం. 2015 జూలై 3న చిలుకూరుల మొదలైంది. 24 శాతం ఉన్న పచ్చదనాన్ని 33 శాతం చేస్తమన్నరు. 230 కోట్ల మొక్కలు లక్ష్యం అన్నరు. రోడ్ల పక్కన చెట్లు పెరిగినయి, నేను కాదనను. 2018 పంచాయతీరాజ్ చట్టంల పెట్టిన మొక్కల్ల 85 శాతం బతికించే బాధ్యత ఊరి మీద, సర్పంచ్ మీద పెట్టిండ్రు. ఎందుకు పెట్టిండ్రు? నాటుడు ఒక్కరోజు పని, బతికించుడు మూడేండ్ల పని అని సర్కారుకు కూడా అర్థమైంది కాబట్టి. రోడ్డు పక్క మొక్కకు ట్యాంకర్ వస్తది, ట్రాక్టర్ వస్తది. మన రాళ్ల చేన్ల మొక్కకు ఎవరొస్తరు? మొక్క చస్తే తప్పు ఎవరిది అని రాస్తరు? గిరిజన రైతు శ్రద్ధ పెట్టలేదు అని రాస్తరు.

మూడో ప్రశ్న, ఏ చెట్టు?

బంజరు, బీడు, పనికిరాని భూమి అని రికార్డుల రాసిన జాగల ఏమున్నదో మన అవ్వలను అడగండి. దసరా దాటితే సీతాఫలాలు. ఎండాకాలం తునికాకు, తునికి పండ్లు, ఇప్పపువ్వు. విస్తర్లకు మోదుగ ఆకు. మేకలకు మేత, పొయ్యిలకు కట్టె. దీన్ని పనికిరాని భూమి అని ఎవరన్నరు? దాని నుంచి ఏమీ తీసుకోనోళ్లు అన్నరు. ఆ జాగల ఉన్న పొదలన్నీ తీసేసి ఒకటే రకం మొక్క వరుసగ పెడితే చూసేటందుకు అడవి తీరుగనే ఉంటది. కానీ మేకకు మేత లేదు, అవ్వకు ఆకు లేదు.

టేకు పెడితే మన మనవండ్లు కొట్టుకోవాలె. అదీ అనుమతి ఉంటేనే. 2002 వాల్టా చట్టం ప్రకారం సొంత భూమిల చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలె, కొన్ని జాతులకు మినహాయింపు ఉన్నది. ఏ చెట్టుకు అనుమతి కావాలె, దేనికి అక్కర లేదు అన్నది పెట్టే ముందే రాసి ఇయ్యమనండి. పెద్ద చెట్టు అయినంక అడుగుతే ఆఫీసుల చుట్టూ తిరుగుడే మిగులుతది. మామిడి పెడితే కాపుకు నాలుగైదేండ్లు పడతది. అందాక ఇల్లు గడవాలంటే నడుమ కందులు, పెసర్లు, జొన్న వేసుకునే వీలు ఉండాలె. వరుసల దూరం దానికి తగ్గట్టు ఉండాలె. చింత, ఉసిరి, సీతాఫలం మన నేలకు అలవాటైనయి, తక్కువ నీళ్లతోని బతుకుతయి. అవకాడో వద్దని నేను అనను. మార్కెట్ ఉంటే, నీళ్లు ఉంటే పెట్టుకుందాం. కానీ దాన్ని ఎప్పుడూ చూడని రైతుతోని ఎకరాలకెకరాలు పెట్టించే ముందు పది మొక్కలు పెట్టి చూసే హక్కు ఆ రైతుకు ఇయ్యాలె.

ఇట్ల మన ఇష్టంతోని చేస్తే అయితదా అని అడగొచ్చు. దూరం పోనక్కర లేదు. జహీరాబాద్ దిక్కు, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా అయింది గానీ 2016 దాక మెదక్ జిల్లానే, పస్తాపూర్ కేంద్రంగ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఉన్నయి. ఎక్కువ మంది దళిత అక్కలే. రాళ్లు తేలిన తమ భూములను బాగుచేసుకుని జొన్న, కొర్ర, పప్పులు కలిపి పండించిండ్రు. ఊరి బీడుల్ల చెట్లు పెంచిండ్రు. 2019ల ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. వాళ్లు చేసిన దాంట్ల మంత్రం ఏం లేదు. ఏ విత్తనం, ఏ చెట్టు, ఎవరికి ఎంత అన్నది సంఘంల కూసుని వాళ్లే తేల్చుకున్నరు. అందుకే కాపాడుకున్నరు. తన చెట్టు అనుకున్న మనిషే బిందె మోస్తది.

చదువుతున్న మీకు చేతుల పట్టుకునేటందుకు వీలుగ ఐదు ప్రశ్నలు రాసి పెడుతున్న. మీ ఊరికి మొక్కల పని అని ఎవరన్నా వస్తే, ఏ పార్టీ ఉన్నా, ఏ పథకం పేరు చెప్పినా, ఇవి అడగండి.

ఒకటి. ఈ పైసలు ఏ పద్దు కిందివి? రైతు తోట పథకమా, కంపానా?

రెండు. ఈ పని అయినంక రికార్డుల ఈ భూమిని ఏమని రాస్తరు? రైతు పేరు, సర్వే నంబర్ లేదా కంపార్ట్‌మెంట్ నంబర్, విస్తీర్ణం రాసిన కాగితం సంతకంతోని ఇస్తరా?

మూడు. ఏ చెట్టు అన్నది ఎవరు నిర్ణయించిండ్రు? గ్రామసభ ఎప్పుడు జరిగింది?

నాలుగు. మూడు ఎండాకాలాలు నీళ్లు ఎట్ల? దానికి కూలి ఉన్నదా? మొక్క చస్తే మళ్లీ ఇస్తరా?

ఐదు. పండు ఎవరిది, కట్టె ఎవరిది, నడుమ పంట వేసుకోవచ్చా, మేకలు మేపొచ్చా?

ఐదింటికీ జవాబు నోటితో కాదు, కాగితం మీద తీసుకోండి. తీసుకున్న కాగితాన్ని ఫోటో తీసి తండాల పదిమంది ఫోన్లల్ల పెట్టండి. జవాబు ఇయ్యలేమంటే, ఇచ్చేదాక ఆగుదాం అని చెప్పండి. కోపంతోని కాదు, మర్యాదగనే చెప్పండి. గొడవ చేస్తే వాళ్లకు కేసు పెట్టే వీలు దొరుకుతది. అడుగుతే జవాబు చెప్పే బాధ్యత వాళ్ల మీద పడతది.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఇది మన పని. మా బాపుకు చదువు రాదు. ఆరోజు ఆ తాడు దేనికి పట్టిండ్రో అడిగేటోళ్లు మా గూడెంల ఒక్కరు ఉంటే చాలు, రెండున్నర ఎకరాలు మిగిలేది. మీ తండాకు ఆ ఒక్కరు మీరు కావాలె. ఉద్యోగం రాలేదని సిగ్గుపడి ఇంట్ల కూసోకండి. ఒక దరఖాస్తు రాసుడు, ఒక గ్రామసభ తీర్మానం రాసుడు, ఒక అప్పీలు గడువు గుర్తుపెట్టుకునుడు కూడా డిగ్రీ చదివినోళ్ల పనే.

మొన్న ఊరికి పోయినప్పుడు బాపు ఒక మాట అడిగిండు. ఆ ఎకరంన్నరల ఏం పెడదామే బిడ్డా, పథకం వస్తే అని. నేను జవాబు చెప్పలేదు. నువ్వే చెప్పు బాపూ అన్న. చాలా సేపు ఆలోచించిండు. రెండు ఇప్ప చెట్లు గట్టు మీద, లోపల సీతాఫలం, నడుమ జొన్న అన్నడు. మా బాపును ఏ చెట్టు కావాలె అని ఎవరన్నా అడుగుడు అదే మొదటిసారి.

ఆ ప్రశ్న ప్రతి తండాల, ప్రతి గూడెంల అడగాలె. అడిగించాలె.

జల్, జంగల్, జమీన్. జై సేవ.